ఎండతో మంచు చేసిన లెక్కల మాస్టారు

1878వ సంవత్సరం సెప్టెంబరు చివరి వారం. పారిస్ మహానగరంలో విశ్వ ప్రదర్శన జరుగుతోంది. గొడుగును తిరగేసి ఆకాశానికి పట్టినట్లున్న ఒక పెద్ద లోహ దర్పణం, దాని నడుమ గాజు తొడుగులో నిలిపిన నల్లని బాయిలరు, ఆ బాయిలరుకు అమర్చిన మరొక యంత్రం. ఇంతే అక్కడి సరంజామా. బొగ్గు లేదు, కట్టె లేదు, పొగగొట్టం లేదు. ఎండ దర్పణం మీద పడింది. బాయిలరు కాగింది. కొంతసేపటికి ఆ రెండవ యంత్రం నుంచి మంచుగడ్డ వెలువడింది. చూపరులు నివ్వెరపోయారు. ఆ యంత్రాన్ని నిలిపినవారు 53 ఏళ్ల గణితోపాధ్యాయుడు ఆగస్టిన్ ముషో. సౌరశక్తి చరిత్రను ఎవరు రాసినా ఆయన పేరు లేకుండా తొలి అధ్యాయం పూర్తి కాదు. అయినా మన బడిపిల్లల చెవిన ఆ పేరు పడడం అరుదు.

పాడి గల ఇంటివారికి ఆ మంచుగడ్డ విలువ ఏమిటో వేరుగా చెప్పనక్కరలేదు. పొదుగు నుంచి దిగిన పాలు సుమారు 37 డిగ్రీల సెంటీగ్రేడ్ వెచ్చదనంతో ఉంటాయి. సూక్ష్మజీవులకు అంతకంటె అనువైన తావు లేదు. తగిన వెచ్చదనం దొరికితే వాటిలో కొన్ని రకాలు అరగంటకొకసారి రెట్టింపవుతాయి. ఆ లెక్కన ఒక్క జీవి ఆరు గంటలు తిరిగేసరికి నాలుగు వేలు దాటుతుంది. సాయంత్రం పితికిన పాలు తెల్లవారి కేంద్రానికి చేరేసరికి పులిసి, పరీక్షకు నిలువక తిరిగి ఇంటికి వస్తే ఆ కుటుంబానికి ఆ పూట సంపాదన పోయినట్లే. గడ్డి ఖర్చు, దాణా ఖర్చు మాత్రం మిగులుతాయి.

దీనికి ఉపాయాలు రెండే. ఒకటి వేడి. పాలను 63 డిగ్రీల వద్ద అరగంటసేపు గాని, 72 డిగ్రీల వద్ద 15 సెకన్లు గాని ఉంచితే రోగకారక క్రిములు నశిస్తాయి. పాశ్చరీకరణ అంటే ఇదే. రెండవది చలి. పాలను 4 డిగ్రీలకు దింపితే క్రిములు చావవు గాని, వాటి పెరుగుదల బాగా మందగిస్తుంది. వేడి చేసే విద్య మన పల్లెలకు తరతరాలుగా తెలుసు. దాలిలో పిడకల సన్నసెగ మీద పాలకుండను గంటలకొద్దీ ఉంచి, ఎర్రని మీగడ కట్టించిన చేతులు మనవి. చలి విద్యయే మన అందుబాటులో లేకపోయింది. అది కరెంటుతో వచ్చింది, కరెంటు పోయినప్పుడెల్లా పోయింది. వేడిని, చలిని రెండింటినీ ఒకే ఎండ నుంచి రాబట్టవచ్చునని అందరి కన్నుల ముందు నిరూపించడమే ముషో సాధించిన ఘనకార్యం. ఆయన తన ప్రయోగాలను నీటి మీద, ద్రాక్షసారా మీద, మాంసం మీద, రొట్టె మీద సాగించారు. పాలకు కావలసినవి మాత్రం సరిగ్గా ఆ రెండే.

ముషో 1825 ఏప్రిల్ 7న ఫ్రాన్స్ దేశపు బర్గండీ ప్రాంతంలోని సెమూర్ అనే చిన్న పట్టణంలో జన్మించారు. తండ్రి తాళాలు చేసే పనివాడు. కలిమి గల కుటుంబం కాదు. చదువు ఒక్కటే ఆయనకు దొరికిన మెట్టు. యౌవనంలో మోర్వాన్ కొండసీమలోని ప్రాథమిక పాఠశాలలలో పాఠాలు చెప్పారు. పారిస్ పొయ్యిలకు కావలసిన కట్టెలు చాలాకాలం ఆ అడవుల నుంచే నదుల మీద తేలుతూ వెళ్లేవి. వంటచెరకు ఎంత దూరం నుంచి, ఎంత శ్రమతో వస్తుందో ఆ సీమలో నివసించినవారికి తెలియకుండా ఉండదు. ఉద్యోగం చేస్తూనే ఆయన పై చదువులు సాగించి గణితంలోను, భౌతికశాస్త్రంలోను పట్టాలు పొందారు. డిజాన్, అలెన్సన్, రెన్ మొదలైన ఊళ్ల బడులలో పనిచేసి, 1864లో తూర్ పట్టణపు ఉన్నత పాఠశాలకు వచ్చారు. యానాం పెద్దలకు ఈ ఫ్రెంచి ఊళ్ల పేర్లు మనకంటె బాగా పలుకుతాయేమో!

ఆయన సమకాలికుడైన లూయీ పాశ్చర్ కూడా ఇరుగుపొరుగు సీమవాడే. 1822లో డోల్ పట్టణంలో పుట్టారు. 1860 దశకంలో పాశ్చర్ ద్రాక్షసారాను మరిగించకుండా, తగుమాత్రంగా వేడిచేస్తే అది చెడిపోదని నిరూపించారు. ఆ పద్ధతికే తరువాతి కాలంలో ఆయన పేరు స్థిరపడింది. పసిబిడ్డలకు పట్టే పాలను సీసాలలో అలా వేడిచేయాలని జర్మనీ రసాయన శాస్త్రవేత్త సాక్స్‌లెట్ 1886లో ప్రతిపాదించారు. ఎంత వేడి చాలునో పాశ్చర్ చెబుతున్న సంవత్సరాలలోనే, ఆ వేడిని కట్టెపుల్ల కాల్చకుండా ఎలా తేవచ్చునో ముషో వెతుకుతూ ఉండడం చరిత్రలో ఒక చక్కని పొంతన. ఒకరి పేరు ప్రతి పాలపొట్లం మీదా ఉంది. రెండవవారిని లోకం మరచిపోయింది.

ముషో ఈ అన్వేషణకు 1860లో దిగారు. ఆ కాలంలో ఫ్రాన్స్ కర్మాగారాలు ఎన్నో బొగ్గు మీద నడుస్తున్నాయి. భూమిలోని బొగ్గు ఏనాటికైనా తరిగిపోక తప్పదని, అప్పుడు పరిశ్రమల గతి ఏమిటని ఆయన తలపోశారు. విశేషమేమిటంటే, ఇంగ్లండు బొగ్గు ఫ్రాన్స్‌కు చౌకగా దిగేందుకు దోవ తీసిన వాణిజ్య ఒప్పందం కూడా 1860లోనే కుదిరింది. తన జీవితకృషిని తలక్రిందులు చేయబోయే శక్తి తనతోపాటే బయలుదేరిందని ఆ ఉపాధ్యాయునికి అప్పటికి తెలియదు.

ఆయనకు ముందు కొందరు దారి చూపారు. జెనీవా నగరానికి చెందిన సొస్యూర్ 1767లో గాజు పలకలు మూసిన పెట్టెను ఎండలో ఉంచి, లోపల నీరు మరిగే వేడిని మించిన వేడిని సాధించారు. ఎండ గాజు గుండా లోపలికి పోతుంది, నల్లని ఉపరితలాన్ని తాకి వేడిగా మారుతుంది, ఆ వేడి మళ్లీ గాజును దాటి సులభంగా బయటికి పోలేదు. ఎండలో అద్దాలు మూసి నిలిపిన బస్సులో కూర్చున్నవారికి ఈ సూత్రం వేరే నేర్పనక్కరలేదు. రెండవ దారి దర్పణాలది. చుట్టూ పడే ఎండను ఒక్కచోటికి కూర్చడం పురాతనులకు కూడా తెలుసు. ముషో ఈ రెండింటినీ కలిపారు. రాగి పాత్రకు నల్లరంగు పూసి, దానికి గాజు తొడుగు వేసి, వెనుక వెండిపూత గల దర్పణం నిలిపారు. దర్పణం ఒక్కటే అయితే తెచ్చిన వేడి గాలికి పోతుంది. గాజు ఒక్కటే అయితే వేడి చాలదు. రెండూ చేరితే చిన్న దర్పణంతోనే పెద్ద పని జరుగుతుంది. ఈ ఏర్పాటుకు 1861లో ఆయన పేటెంటు పొందారు.

తొలి రోజులలో ఆయన చేసినది వంట. ఒక కిలో గొడ్డుమాంసాన్ని కూరగాయలతో కలిపి సౌరపాత్రలో ఉంచితే నాలుగు గంటలలో ఉడికింది. మధ్యలో మేఘాలు అడ్డం వచ్చినా వంట చెడలేదు. సెగ ఒకే తీరుగా తగలడం వల్ల రుచి ఇంకా బాగుందని ఆయన నమోదు చేశారు. దాలిలో కాగిన పాల రుచి ఎరిగినవారు ఈ మాటను తేలికగానే నమ్ముతారు. రొట్టె కాల్చారు, ద్రాక్షసారాను బట్టీ పట్టారు. ఇవి బడి ముగిసిన తరువాత, సెలవు దినాలలో, సొంత జీతం వెచ్చించి చేసిన పనులు. మాస్టారికి ఆవిరి పిచ్చి పట్టిందని ఇరుగుపొరుగు నవ్వుకొని ఉంటే ఆశ్చర్యపోనక్కరలేదు.

1866లో ఆయన చిన్న సౌర ఆవిరియంత్రాన్ని ఫ్రాన్స్ చక్రవర్తి మూడవ నెపోలియన్ ఎదుట ప్రదర్శించారు. ఆనాడు యానాం సైతం ఆ చక్రవర్తి ఏలుబడిలోనే ఉండేది. చక్రవర్తి మెచ్చి ప్రోత్సాహమిచ్చారు. 1869లో ముషో సౌరతాపం, దాని పారిశ్రామిక ప్రయోజనాల గురించి ఒక గ్రంథం ప్రకటించారు. సౌరశక్తి మీద వెలువడిన తొలి గ్రంథాలలో అది ఒకటి. పూర్వులు చేసిన ప్రతి ప్రయత్నాన్నీ అందులో పేరుపేరునా స్మరించడం ఉపాధ్యాయునికి తగిన మర్యాద. మరుసటి సంవత్సరమే ప్రష్యాతో యుద్ధం వచ్చింది. చక్రవర్తి పదవి పోయింది. పారిస్ ముట్టడి నాటి గందరగోళంలో అక్కడ ప్రదర్శనకు ఉంచిన యంత్రం కూడా అంతుచిక్కకుండా పోయింది. పదేళ్ల కృషిలో ఆయన చేతికి మిగిలినవి గ్రంథం, అనుభవం.

అంతటితో ఆయన చేతులు ముడుచుకోలేదు. తూర్ జిల్లా పాలకమండలి ఇచ్చిన కొద్దిపాటి ధనసహాయంతో మరింత పెద్ద యంత్రం కట్టారు. తూర్ పట్టణ గ్రంథాలయపు ఆవరణలో 1874లో అది నిలిచింది. అడుగు తీసివేసిన గరాటు ఆకారంలో దర్పణం ఉండేది. పై అంచు వెడల్పు 2.6 మీటర్లు. నడుమ 80 సెంటీమీటర్ల ఎత్తు గల బాయిలరు, దానిపై గాజు తొడుగు. 1875 మే 8న, ఉదయం ఎనిమిదిన్నరకు 20 డిగ్రీల చల్లదనంతో ఉన్న 20 లీటర్ల నీటిని అందులో పోశారు. 40 నిమిషాలలో అది 121 డిగ్రీల ఆవిరి అయింది. పాశ్చరీకరణకు కావలసిన 72 డిగ్రీలు ఇందులో సగానికి కొంచెం పైన. ఫ్రాన్స్ ఎండ మన ఎండంత తీవ్రమైనది కాదన్నది కూడా ఇక్కడ గుర్తుంచుకోవాలి.

దర్పణాన్ని సూర్యునితోపాటు తిప్పడం మరొక సమస్య. భూమి గంటకు 15 డిగ్రీల చొప్పున తిరుగుతుంది గనుక, దర్పణాన్ని కూడా భూమి అక్షానికి సమాంతరమైన ఇరుసు మీద గంటకు 15 డిగ్రీల చొప్పున తిప్పాలి. ఋతువులనుబట్టి దాని వాలును సరిచేస్తూ ఉండాలి. ఈ పని చేత్తో చేసేవారు. ఆరవ తరగతి పిల్లలకు చెప్పే భూభ్రమణ పాఠమే ఇక్కడ యంత్రానికి పనికివచ్చింది. 1875 అక్టోబరులో ఈ ఫలితాలు పారిస్ శాస్త్ర అకాడమీ ముందుకు వెళ్లాయి. ఊరి బడిపంతులు దేశపు మహాపండితుల సభలో చర్చనీయాంశమయ్యారు.

1877లో విద్యామంత్రిత్వ శాఖ ఆయనను అల్జీరియాకు పంపింది. అది అప్పట్లో ఫ్రాన్స్ ఆక్రమణలో ఉన్న దేశం. ఎండ దండిగా ఉండి, బొగ్గు దొరకని చోట ఈ యంత్రం ఎంత పని చేయగలదో పరీక్షించడం ఆయన బాధ్యత. ఆఫ్రికాలోని ఫ్రెంచి సైనికులకు చేతపట్టుకొని పోగల సౌరపొయ్యి కావాలన్నది ప్రభుత్వపు కోరిక. అల్జీరియా పల్లె ఇల్లాలికి పొయ్యి ఇవ్వాలన్న ఊహ ఆ పాలకులకు కలగలేదు. సాధనం మంచిదే, దానిని అడిగినవారి ప్రయోజనం వేరు. మన దేశంలో రైలు వచ్చిన తీరూ ఇంచుమించు అలాంటిదే కదా! ఏమైనా, ఆ ఎండసీమలో సంపాదించిన అనుభవంతోనే ముషో తిరిగివచ్చి, అబెల్ పిఫ్రే అనే యువ ఇంజనీరు సహాయంతో 1878 ప్రదర్శనకు తన జీవితంలోకెల్ల పెద్ద యంత్రాన్ని సిద్ధం చేశారు.

ఆ దర్పణం నోటి వైశాల్యం 20 చదరపు మీటర్లు. అది ఇచ్చిన ఆవిరితో నడిచిన పంపు గంటకు 1500 నుంచి 2000 లీటర్ల నీటిని రెండు మీటర్ల ఎత్తుకు తోడింది. పక్కనే ఉంచిన చిన్న దర్పణాలు అరకిలో మాంసాన్ని 22 నిమిషాలలో కాల్చాయి. ముప్పావు లీటరు చన్నీటిని అరగంటలో మరిగించాయి. ఇవన్నీ వేడితో వేడి పని చేయించడం. జనానికి వింతగా తోచినది మంచు. వేడి నుంచి చలి ఎలా పుడుతుందన్నది ఈనాటికీ చాలామంది విద్యార్థులను తికమక పెట్టే ప్రశ్న. కనుక దానిని కొంచెం నిదానంగా చెప్పుకోవాలి.

ముషో మంచుయంత్రాన్ని కొత్తగా కనిపెట్టలేదు. ఫ్రాన్స్‌కే చెందిన ఫెర్డినాండ్ కారే 1859లో రూపొందించిన అమోనియా యంత్రాన్ని తెచ్చి తన సౌర బాయిలరుకు జతచేశారు. అమోనియా వాయువుకు రెండు గుణాలున్నాయి. చల్లని నీటిలో విపరీతంగా కరుగుతుంది, ఆ నీటిని వేడిచేస్తే వదిలి బయటికి వస్తుంది. ఇది మొదటి గుణం. ద్రవరూపంలో ఉన్నప్పుడు సున్నకు 33 డిగ్రీల దిగువనే మరిగిపోతుంది. ఇది రెండవది. అమోనియా కలిసిన నీటిని ఎండ వేడితో కాచినప్పుడు వాయువు విడివడి పక్క పాత్రలోకి పోతుంది. ఆ పాత్ర చుట్టూ మామూలు నీరు ఉంటే, తన ఒత్తిడికి తానే లోనై వాయువు ద్రవంగా మారుతుంది. ఇప్పుడు కాచడం ఆపి, మొదటి పాత్రను చల్లారనివ్వాలి. అందులోని నీరు అమోనియాను మళ్లీ పీల్చుకోవడం ప్రారంభిస్తుంది. రెండవ పాత్రలోని ద్రవం గబగబా ఆవిరైపోతుంది. ఆవిరి కావడానికి వేడి కావాలి. ఆ వేడిని తన చుట్టూ ఉన్న వస్తువు నుంచి లాగుకుంటుంది. చెమట పట్టిన ఒంటికి గాలి తగిలితే చల్లగా ఉండడానికీ, కొత్తకుండలో నీరు చల్లబడడానికీ కారణం ఇదే. ఆ వేడిని పోగొట్టుకున్న నీరు గడ్డకడుతుంది. తిరిగే చక్రం లేదు, విద్యుత్తు లేదు. మన ఆసుపత్రులలో టీకామందులకోసం కిరోసిన్ దీపంతో నడిచిన ఫ్రిజ్‌లను చూసిన పెద్దలు ఇప్పటికీ ఉంటారు. వాటి లోపల జరిగినది కూడా ఈ జాతి పనియే.

పాడి రైతు కోణం నుంచి చూస్తే ఈ మంచులో ఇంకొక మర్మం ఉంది. ఎండ మధ్యాహ్నం గట్టిగా కాస్తుంది. పాలు మాత్రం తెల్లవారుజామున, సాయంత్రం వస్తాయి. ఎండ ఉన్నప్పుడు పాలు లేవు, పాలున్నప్పుడు ఎండ లేదు. ఈ పొంతన లేమిని తీర్చేది మంచే. మధ్యాహ్నపు ఎండను మంచుగా మార్చి దాచుకుంటే అది సాయంత్రం పాలకు అక్కరకు వస్తుంది. ఒక కిలో మంచు కరగడానికి సుమారు 80 కిలోకాలరీల వేడి కావాలి. లీటరు పాలను 37 డిగ్రీల నుంచి 4 డిగ్రీలకు దింపడానికి 31 కిలోకాలరీల వరకు తీసివేయాలి. వృథా లేదనుకుంటే ఒక కిలో మంచు రెండున్నర లీటర్ల పాలను కాపాడగలదన్నమాట. ఈ కాలంలో సౌరఫలకాల కరెంటుతో నడిచే పాల శీతలీకరణ యంత్రాలు సైతం పగటిపూట మంచు కట్టించి, పితికే వేళకు దానిని వాడుకునే పద్ధతిని అనుసరిస్తున్నాయి. విద్యుత్తును దాచే బ్యాటరీకంటె చలిని దాచే మంచు చౌక.

ముషోకు ప్రదర్శనలో స్వర్ణపతకం లభించింది. ఆ రోజులలో మన దేశపు తీరు కూడా ఒకసారి చూడాలి. చెన్నపట్నంలోని దొరలు చల్లని పానీయాలకోసం అమెరికాలోని బోస్టన్ ప్రాంతపు చెరువుల నుంచి కోసిన మంచును ఓడల మీద తెప్పించుకునేవారు. ఆ మంచును నిలువ చేసేందుకు 1842లో కట్టిన భవనం మెరీనా తీరాన ఈనాటికీ నిలిచి ఉంది. ఐస్ హౌస్ అన్న పేరు తమిళనాడులోని మనవారందరికీ తెలిసినదే. నెలల తరబడి సముద్రాలు దాటి వచ్చిన మంచు మండుటెండలో కరిగిపోతుండగా, ఆ ఎండతోనే మంచు కట్టవచ్చునని మరొకచోట తేలింది. ఆవిరియంత్రాలతో మంచు తయారుచేసే కర్మాగారాలు వచ్చాక ఆ ఓడల వ్యాపారం అంతరించింది. వాటికి ఆధారం బొగ్గు.

ముషో ప్రభావం బొంబాయిని కూడా తాకింది. అక్కడ ప్రభుత్వోద్యోగంలో ఉన్న విలియం ఆడమ్స్ అనే ఆంగ్లేయుడు ముషో పనిని చదివి, అందులోని ఒక లోపాన్ని గుర్తించాడు. వెండిపూత దర్పణం ఖరీదైనది, త్వరగా మసకబారుతుంది. దాని బదులు మామూలు చదునైన గాజు అద్దాలను పలు వరుసలుగా కూర్చాడు. అతని సౌరపొయ్యి జనవరి మాసంలో ఏడుగురు సైనికులకు సరిపడే మాంసం, కూరలు రెండు గంటలలో వండింది. అతడు నిలిపిన సౌర బాయిలరు రెండున్నర అశ్వశక్తుల పంపును నడిపింది. 1878లో తన గ్రంథాన్ని బొంబాయిలోనే అచ్చువేశాడు. ఉష్ణదేశాలలో వంటచెరకుకు ఎండ ప్రత్యామ్నాయం కాగలదన్నది దాని సారాంశం. ఆనాటి ప్రభుత్వం ఆ సూచనను అందిపుచ్చుకోలేదు.

ఫ్రాన్స్‌లో కూడా తీర్పు అనుకూలంగా రాలేదు. ముషో యంత్రాలు లాభసాటి అవునో కాదో తేల్చడానికి ప్రభుత్వం రెండుచోట్ల పరీక్షలు జరిపించింది. ఒకటి దక్షిణ ఫ్రాన్స్‌లోని మోంపెల్యే నగరంలో, రెండవది అల్జీరియాలోని కాన్‌స్టంటీన్‌లో. మోంపెల్యేలో పరీక్ష నడిపినవారు భౌతికశాస్త్రజ్ఞుడు క్రోవా. యంత్రం పనిచేయదని ఎవరూ అనలేదు. మేఘాలు, యంత్రపు ఖరీదు, దర్పణాల పోషణ ఇవన్నీ లెక్కించి, బొగ్గుతో పోటీకి నిలువలేదని తేల్చారు. అప్పటికి బొగ్గు చౌకైంది. రైలుమార్గాలు పెరిగి ఊరూరికీ చేరింది. ఇది సూర్యుని గురించిన తీర్పు కాదు, ఆనాటి ఫ్రాన్స్ బజారు ధరల గురించిన తీర్పు. కట్టెకోసం మైళ్లు నడిచే పల్లెలో, కరెంటు తీగె చేరని తండాలో, పాలు పులిసిపోయే గుమ్మం ముందు నిలబడి ఆ లెక్క వేసి ఉంటే మొత్తం వేరుగా వచ్చి ఉండేది. ఆ లెక్క వేయవలసిన అవసరం పారిస్‌కు లేదు. ఆ తీర్పుతో సర్కారు సాయం ఆగిపోయింది.

పిఫ్రే మాత్రం మరికొంతకాలం ప్రయత్నించాడు. 1882 ఆగస్టు 6న పారిస్‌లోని ట్యూలరీ ఉద్యానంలో సౌర ఆవిరియంత్రంతో అచ్చుయంత్రాన్ని నడిపి, గంటకు 500 ప్రతుల చొప్పున ఒక పత్రికను ముద్రించాడు. ఆ పత్రిక పేరు కూడా సూర్యుని పేరే. ఆనాడు ఎండ అంతంతమాత్రంగానే ఉన్నా యంత్రం ఆగలేదు. ప్రేక్షకులు చప్పట్లు కొట్టారు. పెట్టుబడి పెట్టేవారు మాత్రం ముందుకు రాలేదు.

ముషో సౌరయంత్రాలను విడిచి తన తొలి ప్రేమ అయిన గణితానికి మరలారు. జ్యామితిపై ఆయన చేసిన కృషికి 1890 దశకం తొలి సంవత్సరాలలో శాస్త్ర అకాడమీ బహుమతి లభించింది. ఒకప్పుడు ఎండను కొలిచిన చేయి ఇప్పుడు రేఖలను గీసింది. ఆ గౌరవాలు కడుపు నింపలేదు. చక్రవర్తి మెప్పు, స్వర్ణపతకం, అకాడమీ బహుమతి అన్నీ అందుకున్న ఆ మనిషి వృద్ధాప్యం పారిస్‌లో కటిక పేదరికంలో గడిచింది. 1912 అక్టోబరు 4న, 87వ ఏట ఆయన కన్నుమూశారు. పిన్నవయసులో ఆయన దగ్గర లెక్కలు నేర్చుకున్న మోర్వాన్ పిల్లలు అప్పటికి తాతలై ఉంటారు.

ఆయన ఊహించిన బొగ్గు కరువు ఆయన కాలంలో రాలేదు. దాదాపు ఒక శతాబ్దంపాటు దర్పణాలు, గాజు తొడుగులు మూలపడ్డాయి. 1970 దశకంలో చమురు ధరలు ఆకాశానికి అంటిన తరువాతనే లోకం మళ్లీ వాటివైపు చూసింది. 2002లో తిరుమల కొండ మీద దర్పణాలతో ఆవిరి పుట్టించి, రోజుకు సుమారు 15,000 మంది భక్తులకు అన్నప్రసాదం వండే ఏర్పాటు చేశారు. ముషో తూర్‌లో చేసినది, ఇక్కడ జరిగినది సూత్రరీత్యా ఒకటే. ఎండతో ఆవిరి, ఆవిరితో వంట.

పాలకు సంబంధించిన అధ్యాయం మన సరిహద్దు చెంతనే జరిగింది. బీదరును ఆనుకొని ఉన్న లాతూరు సీమ 1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలో భాగం. అక్కడి మహానంద డెయిరీలో 2006 ప్రాంతంలో ముంబయి ఐ.ఐ.టి. శాస్త్రజ్ఞుల కృషితో రూపొందిన అరుణ్ అనే సౌరదర్పణాన్ని నెలకొల్పారు. దాని వైశాల్యం సుమారు 160 చదరపు మీటర్లు, అంటే పారిస్ ప్రదర్శనలోని ముషో దర్పణానికి ఎనిమిది రెట్లు. అది ఒత్తిడిలో ఉంచిన నీటిని కాస్తే, ఆ వేడినీరు పాలను పాశ్చరీకరించింది. పల్లెల నుంచి కేనులలో వచ్చిన పాలకు ఎండ సెగ తగిలింది. దర్పణాన్ని సూర్యుని వెంట తిప్పే పనిని మోటారు చూసుకుంది. తూర్ గ్రంథాలయపు ఆవరణలో ముషో చేత్తో తిప్పించిన గంటకు 15 డిగ్రీలే ఇక్కడా.